ఇంటి దొంగను పట్టే చిప్: హార్డ్‌వేర్ వాచ్‌పాయింట్ ఎలా పనిచేస్తుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అడవుల్లో కురిసిన వాన ఇంద్రావతి, శబరి నదుల ద్వారా గోదావరికి చేరుతుంది. ఇంద్రావతి భద్రాచలానికి ఎగువన గోదావరిలో కలుస్తుంది. కుంట మీదుగా వచ్చే శబరి, భద్రాచలం దిగువన కూనవరం వద్ద కలుస్తుంది. అందుకే కేంద్ర జల సంఘం ఇంద్రావతిపై పాతగూడెం వద్ద, శబరిపై కుంట వద్ద నీటి మట్టాన్ని కొలుస్తుంది. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ చేస్తారు. 2022 జులైలో అక్కడ గోదావరి 71.3 అడుగులకు చేరింది. ఊళ్లు ఖాళీ చేయించాల్సిన సమయంలో ఎగువ నుంచి వచ్చే ప్రతి అంకె నమ్మదగినదై ఉండాలి.

నీటి మట్టాన్ని మనిషి లేకుండా కొలిచే పరికరాలు ఇప్పుడు నదుల వెంట చాలాచోట్ల ఉన్నాయి. ఒక సెన్సర్, ఒక చిన్న ప్రాసెసర్, సౌర ఫలకం, బ్యాటరీ, సమాచారాన్ని పంపే ఏర్పాటు ఉంటే చాలు. ఆ ప్రాసెసర్‌లో నడిచేది కూడా ప్రోగ్రామే కాబట్టి దానిలో తప్పు ఉండొచ్చు. ఆ తప్పు ఏడాదిలో రెండు మూడు రోజులు మాత్రమే, అదీ వరద ముంచుకొచ్చినప్పుడే బయటపడితే దాన్ని పట్టుకోవడం ఎలా? దీనికి ప్రాసెసర్ల తయారీదారులు చిప్‌లోనే ఒక ఏర్పాటు చేశారు. దాని పేరు హార్డ్‌వేర్ వాచ్‌పాయింట్.

వరద వస్తేనే బయటపడే తప్పు

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఇది ఎక్కడా జరిగిన ఘటన కాదు, కానీ ఇలాంటి తప్పులు ప్రోగ్రామర్లకు బాగా తెలిసినవే. వంతెన కింద బిగించిన ఒక రాడార్ సెన్సర్ నీటి ఉపరితలం ఎంత దూరంలో ఉందో కొలుస్తోంది. సెన్సర్‌ను బిగించిన ఎత్తు 14,590 మిల్లీమీటర్లు. ఆ ఎత్తులోంచి కొలిచిన దూరాన్ని తీసేస్తే నీటి మట్టం వస్తుంది. బిగింపు ఎత్తు మారదు కాబట్టి, పరికరం మొదలైనప్పుడు దాన్ని శాశ్వత మెమరీ నుంచి చదివి, పని మెమరీలో ఒకచోట పెట్టుకుంటుంది.

ఆ చోటుకు సరిగ్గా ముందు 16 బైట్ల బఫర్ ఒకటి ఉంది. పంపాల్సిన సందేశాన్ని పరికరం అందులో కూర్చుకుంటుంది. స్టేషన్ సంకేతం, నీటి మట్టం, బ్యాటరీ వోల్టేజీ కలిపి 15 అక్షరాలు. సందేశం ముగిసిందని చెప్పే సున్నా బైటు ఒకటి. మొత్తం 16 బైట్లు, బఫర్‌లో సరిగ్గా పడతాయి. నీటి మట్టం 9.87 మీటర్లు ఉన్నంతవరకు ఏ ఇబ్బందీ లేదు. అది 10.02 అయిన రోజు ఒక అక్షరం పెరుగుతుంది. ముగింపు సున్నా పదిహేడో బైటుగా బఫర్ దాటి పక్కనున్న బిగింపు ఎత్తు మీద పడుతుంది.

14,590 అనే సంఖ్యను ఇలాంటి చాలా చిప్‌లు చిన్న భాగం ముందు వచ్చేలా దాచుకుంటాయి. మొదటి బైటులో 254, రెండో బైటులో 56 ఉంటాయి. 56ను 256తో గుణించి 254 కలిపితే 14,590 వస్తుంది. మొదటి బైటు సున్నా అయితే మిగిలేది 14,336. అప్పటి నుంచి పరికరం చూపే ప్రతి మట్టం అసలు కన్నా 25.4 సెంటీమీటర్లు తక్కువ. నది పెరుగుతుంటే అది తగ్గినట్టు కనిపిస్తుంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. సాంకేతిక నిపుణుడు వచ్చి పరికరాన్ని ఆపి, మళ్లీ ఆన్ చేస్తే ఎత్తు శాశ్వత మెమరీ నుంచి మళ్లీ సరిగ్గా వచ్చేస్తుంది. అప్పటికి వరద తగ్గి ఉంటుంది. పరికరం భేషుగ్గా పనిచేస్తోందని రాసుకుని ఆయన వెళ్లిపోతాడు.

ప్రోగ్రామ్‌లో బిగింపు ఎత్తును మార్చే వాక్యం ఒక్కటే ఉంది. అది మొదట్లో ఒకసారి నడుస్తుంది. మరి మార్చిందెవరు? ప్రోగ్రామ్‌ను పై నుంచి కిందికి ఎన్నిసార్లు చదివినా ఆ పేరు మళ్లీ కనబడదు. తప్పు చేసిన వాక్యంలో ఆ పేరే లేదు. అది సందేశాన్ని కూర్చే వాక్యం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ ఇంట్లోనే, అదే ప్రోగ్రామ్‌లోనే ఉన్నాడు.

మామూలు బ్రేక్‌పాయింట్ ఎందుకు చాలదు?

ప్రోగ్రామ్‌ల తప్పులు వెతకడానికి వాడే సాధనం డీబగ్గర్. నడుస్తున్న ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి, లోపలి విలువలను చూపడం దాని పని. ఆపాల్సిన చోటును బ్రేక్‌పాయింట్ అంటారు. 1946లో ప్రజల ముందుకు వచ్చిన ఎనియాక్ కంప్యూటర్‌లో ప్రోగ్రామంటే తీగల అమరికే. ఒక తీగను ఊడదీస్తే లెక్క అక్కడితో ఆగేది. ఆ పేరు ఆ రోజుల నుంచి వచ్చిందే. ఆ యంత్రపు తొలి ప్రోగ్రామర్లలో ఒకరైన బెట్టీ హోల్బర్టన్‌కు ఈ ఆలోచన ఘనత ఇస్తారు.

ఇప్పటి డీబగ్గర్ తీగకు బదులు ఆదేశాన్ని మారుస్తుంది. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో, ఆపాల్సిన చోట ఉన్న ఆదేశపు మొదటి బైటును తీసి దాచుకుని, అక్కడ 204 అనే విలువను రాస్తుంది. ఆ బైటుకు ‘ఇక్కడ ఆగి డీబగ్గర్‌కు కబురు చెప్పు’ అని అర్థం. ప్రాసెసర్ అక్కడికి వచ్చి ఆగుతుంది. ముందుకు సాగాలంటే డీబగ్గర్ అసలు బైటును తిరిగి పెట్టి, ఆ ఒక్క ఆదేశాన్ని నడిపించి, మళ్లీ 204 రాస్తుంది. దీన్ని సాఫ్ట్‌వేర్ బ్రేక్‌పాయింట్ అంటారు. ఎన్నైనా పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు.

ఈ పద్ధతికి రెండు హద్దులున్నాయి. మొదటిది, ఇది ప్రోగ్రామ్‌నే తిరగరాస్తుంది. చిన్న పరికరాల్లో ప్రోగ్రామ్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. అక్కడ ఒక బైటును రాయాలన్నా ముందు ఒక పెద్ద భాగాన్ని చెరపాల్సి రావచ్చు. చదవడానికే తప్ప రాయడానికి వీల్లేని మెమరీలో అదీ కుదరదు. రెండోది ఇంకా ముఖ్యం. సాఫ్ట్‌వేర్ బ్రేక్‌పాయింట్ ‘ఈ ఆదేశం దగ్గరికి వస్తే ఆగు’ అని మాత్రమే చెప్పగలదు. ‘ఈ విలువను ఎవరు ముట్టుకున్నా ఆగు’ అని చెప్పలేదు. బిగింపు ఎత్తు ఆదేశం కాదు, అంకె. అక్కడ 204 రాస్తే మరో తప్పుడు అంకె అవుతుందంతే.

ప్రోగ్రామ్‌లో అక్కడక్కడా విలువలను అచ్చువేసే వాక్యాలు చేర్చడం ఇంకో దారి. చాలామంది మొదట చేసేది ఇదే. కానీ కొత్త వాక్యాలు చేరితే మెమరీలో వస్తువుల అమరిక మారొచ్చు. అప్పుడు పదిహేడో బైటు పడే చోట బిగింపు ఎత్తుకు బదులు మరొకటి ఉంటుంది. తప్పు మాయమైనట్టు కనిపిస్తుంది. అది పోలేదు, చోటు మారిందంతే.

ప్రతి అడుగూ ఆపి చూస్తే?

డీబగ్గర్‌కు మరో మార్గం ఉంది. ప్రోగ్రామ్‌ను ఒక్కొక్క ఆదేశం చొప్పున నడిపించి, ప్రతిసారీ ఆగి ఆ విలువ మారిందేమో చూడటం. దీన్ని సాఫ్ట్‌వేర్ వాచ్‌పాయింట్ అంటారు. చిప్ సాయం లేనప్పుడు జీడీబీ అనే ప్రసిద్ధ ఉచిత డీబగ్గర్ ఇదే చేస్తుంది. ఫలితం కచ్చితంగా వస్తుంది, కానీ మూల్యం ఎక్కువ. ఒక్క ఆదేశం నడిచిన ప్రతిసారీ ప్రోగ్రామ్ ఆగి, అదుపు డీబగ్గర్ చేతికి వెళ్లి, తిరిగి రావాలి. దీనివల్ల ప్రోగ్రామ్ మామూలు కన్నా వందల రెట్లు నెమ్మదిస్తుందని జీడీబీ మార్గదర్శినే చెబుతుంది. ఒక నిమిషంలో బయటపడే తప్పు కోసం గంటల తరబడి కూర్చోవాలి.

సెన్సర్లతో పనిచేసే పరికరానికి ఇది ఇంకా కష్టం. సెన్సర్ పంపే సంకేతాలు డీబగ్గర్ కోసం ఆగవు. కాలం సాగదీస్తే పరికరం ప్రవర్తనే మారిపోతుంది. ఆలస్యం వల్ల కొత్త తప్పులు పుట్టొచ్చు, వెతుకుతున్న తప్పు రాకుండానూ పోవచ్చు.

చిప్‌లోని కాపలా

ప్రాసెసర్ మెమరీలో ఏది చదవాలన్నా, రాయాలన్నా ముందు దాని చిరునామాను బయటపెట్టాలి. 32 బిట్ల ప్రాసెసర్‌లో ఆ చిరునామా 32 సున్నాలు, ఒకట్ల వరుస. వాచ్‌పాయింట్ కోసం చిప్‌లో ఒక చిన్న రిజిస్టర్ పెడతారు. కావలసిన చిరునామాను అందులో రాసిపెడతారు. దాని పక్కనే పోలిక చూసే సర్క్యూట్ ఉంటుంది. అది వచ్చిన చిరునామాలోని ప్రతి బిట్‌ను రిజిస్టర్‌లోని బిట్‌తో పోలుస్తుంది. అన్నీ ఒకటే అయితే, అడిగిన పని కూడా కాపలా పెట్టిన రకానిదే అయితే, ప్రాసెసర్‌ను ఆపమని సంకేతం వెళ్తుంది.

ఈ పోలిక ప్రాసెసర్ తన పని చేసుకుంటుండగానే పక్కన జరుగుతుంది. ప్రోగ్రామ్‌కు అదనపు ఆదేశం ఒక్కటీ అవసరం లేదు. ప్రోగ్రామ్‌లో ఒక్క బైటూ మారదు. చిరునామా కలిసే దాకా వేగమూ తగ్గదు. హార్డ్‌వేర్ వాచ్‌పాయింట్ బలమంతా ఇందులోనే ఉంది. ఇదే సర్క్యూట్‌ను విలువల చిరునామాలకు బదులు ఆదేశాల చిరునామాలకు కాపలా పెడితే అది హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్ అవుతుంది. ఫ్లాష్ మెమరీలోని ప్రోగ్రామ్‌ను ఆపడానికి అది వాడుకలో ఉంది.

వ్యక్తిగత కంప్యూటర్ల చరిత్రలో ఈ సదుపాయానికి ముఖ్యమైన మలుపు 1985లో వచ్చిన ఇంటెల్ 80386. దానిలో డీబగ్ కోసమే ప్రత్యేక రిజిస్టర్లు పెట్టారు. చిరునామాలు దాచడానికి నాలుగు, ఏది మోగిందో చెప్పడానికి ఒకటి, ఏ రకం కాపలా కావాలో చెప్పడానికి ఒకటి. ఆదేశం నడిచినప్పుడా, రాసినప్పుడా, రాసినా చదివినానా, ఎన్ని బైట్లకు అనేవి చివరిదానిలో నిర్ణయిస్తారు. నాలుగు దశాబ్దాల తర్వాత కూడా ఆ కుటుంబపు ప్రాసెసర్లలో ఆ నాలుగే కొనసాగుతున్నాయి.

ఆర్మ్ ప్రాసెసర్లలో సంఖ్య రకాన్ని బట్టి మారుతుంది. చిన్న పరికరాల్లో విరివిగా వాడే కార్టెక్స్ ఎం3లో ఆదేశాలకు 6, విలువలకు 4 పోలిక సర్క్యూట్లు ఉండొచ్చు. ఇంకా చిన్నదైన కార్టెక్స్ ఎం0లో ఆదేశాలకు గరిష్ఠంగా 4, విలువలకు 2. ఫోన్లలో వాడిన కార్టెక్స్ ఏ53లో ఆదేశాలకు 6, విలువలకు 4.

పట్టుబడే క్షణం

నీటి మట్టం పరికరానికి ఇప్పుడు డీబగ్గర్‌ను తగిలిద్దాం. పరికరాన్ని ప్రయోగశాలకు తెచ్చి, చిప్‌కున్న డీబగ్ పిన్నులకు ఒక చిన్న అడాప్టర్ కలిపి, కంప్యూటర్‌లో జీడీబీ తెరుస్తారు. పరికరం మొదలై, బిగింపు ఎత్తును శాశ్వత మెమరీ నుంచి చదువుకునే వరకు ఆగుతారు. ఆ రాత న్యాయమైనదే కాబట్టి దానికి కాపలా అక్కర్లేదు. తర్వాత ఆ విలువ మీద ‘వాచ్’ అనే ఆజ్ఞ ఇస్తారు. సెన్సర్‌కు బదులు, వరద రోజున నమోదైన దూరాలను ఒక్కొక్కటిగా పరికరానికి అందిస్తారు.

మట్టం 9.95, 9.98 వరకు ఏమీ జరగదు. 10.02 వచ్చిన వెంటనే ప్రాసెసర్ ఆగుతుంది. తెరపై పాత విలువ 14,590, కొత్త విలువ 14,336 అని కనిపిస్తాయి. ఆగిన చోటు సందేశాన్ని కూర్చే ఫంక్షన్. దాన్ని పిలిచిందెవరో వరుసగా చూస్తే సందేశం పంపే భాగం బయటపడుతుంది. దొంగ చేతిలో సొత్తుతో పట్టుబడ్డట్టే. ఇక దిద్దుబాటు సులభం. బఫర్‌ను పెంచి, దాని పరిమాణం చూసుకుని రాసే ఫంక్షన్‌ను వాడితే చాలు.

ఇక్కడ గమనించాల్సిన సంగతులు రెండున్నాయి. వాచ్‌పాయింట్ చాలాచోట్ల రాత జరిగిపోయాక మోగుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో రాసిన ఆదేశం పూర్తయ్యాకే ఆపుతుంది. కార్టెక్స్ ఎం3 తరహా చిప్‌లలో ఇంకా ఒకటి రెండు ఆదేశాలు దాటి ఆగొచ్చు. అందుకే తెరపై చూపే చోటుకు కాస్త వెనక్కి కూడా చూడాలి. పాత విలువ తెలియడానికి కారణం జీడీబీ దాన్ని ముందే చదివి దాచుకోవడం, అంతేగానీ చిప్ గుర్తుంచుకోవడం కాదు.

రెండోది, జీడీబీ ‘వాచ్’ ఆజ్ఞ విలువ మారితేనే చెబుతుంది. మన ఉదాహరణలో మొదటి బైటు ఒకసారి సున్నా అయ్యాక, మట్టం మళ్లీ పది దాటిన ప్రతిసారీ సున్నా మీద సున్నా పడుతుంది. చిప్ సంకేతం ఇస్తుంది, కానీ విలువ మారలేదు కాబట్టి జీడీబీ నోరెత్తకుండా ప్రోగ్రామ్‌ను సాగనిస్తుంది. తప్పు జరిగిపోయాక కాపలా పెడితే తప్పు లేదనిపిస్తుంది. అందుకే కాపలా ముందే పెట్టాలి. చదివినా రాసినా ప్రతిసారీ చెప్పాలంటే ‘ఎవాచ్’ అనే వేరే ఆజ్ఞ ఉంది.

నాలుగు కళ్లకు పోటీ

నాలుగంటే నాలుగే. వందల వేల విలువలున్న ప్రోగ్రామ్‌లో ఏ నాలుగు చోట్ల కాపలా పెట్టాలో ముందు అనుమానించాలి. పెద్ద వస్తువు మొత్తానికి కాపలా పెట్టాలన్నా కష్టమే. ఇంటెల్ 64 బిట్ల ప్రాసెసర్లలో ఒక్కో రిజిస్టర్ గరిష్ఠంగా 8 బైట్లను కాస్తుంది. ఒక చిరునామా ద్వారా మరో విలువను చేరే వ్యక్తీకరణ మీద ‘వాచ్’ పెడితే ఆ చిరునామాకొకటి, ఆ విలువకొకటి చొప్పున రెండు రిజిస్టర్లు ఖర్చవుతాయి. రిజిస్టర్లు చాలకపోతే డీబగ్గర్ చెప్పేస్తుంది, లేదా నెమ్మది పద్ధతికి మళ్లుతుంది. ఉన్నట్టుండి ప్రోగ్రామ్ నత్తనడక నడిస్తే మొదట చూడాల్సింది ఇదే.

పోటీ వాడేవాళ్ల మధ్య కూడా ఉంటుంది. లినక్స్ నడిచే యంత్రంలో సాధారణ ప్రోగ్రామ్‌ల డీబగ్గర్లు ఆ నాలుగు రిజిస్టర్లను కోరతాయి. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో తప్పులు వెతికేవాళ్లూ వాటినే కోరతారు. ఎవరికి ఎన్ని ఇవ్వాలో, ఏ ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఏవి వర్తించాలో చూసే ఉమ్మడి పొర 2010 ఫిబ్రవరిలో విడుదలైన లినక్స్ 2.6.33తో కెర్నెల్‌లో చేరింది. దాని మూల ఫైల్‌లో రచయితలుగా అలన్ స్టెర్న్, కె.ప్రసాద్, ఫ్రెడరిక్ వైజ్‌బెకర్ పేర్లున్నాయి. ఆ కోడ్ వల్లే ఇవాళ డీబగ్గర్‌తో పాటు, పనితీరు కొలిచే సాధనాలు కూడా ఒక చిరునామాను ఎవరు ఎన్నిసార్లు ముట్టుకున్నారో లెక్కించగలవు.

నడుస్తున్న ప్రోగ్రామ్‌లోని ఆదేశాల దగ్గర ఆగి సమాచారం సేకరించే యూప్రోబ్స్ అనే ఏర్పాటు 2012లో లినక్స్ 3.5తో వచ్చింది. దాని రచయితలు శ్రీకర్ ద్రోణంరాజు, జిమ్ కెనిస్టన్. అది హార్డ్‌వేర్ రిజిస్టర్లను కాక, ఆదేశాన్ని మార్చే పాత పద్ధతినే వాడుతుంది. కాబట్టి దానికి నాలుగు అనే హద్దు లేదు. రెండు పద్ధతులూ ఒకదానికొకటి పోటీ కావు. ఆదేశాల కోసమైతే మార్చే పద్ధతి, విలువల కోసమైతే చిప్ కాపలా సరిపోతాయి.

కాపలాకు కనబడనివి

వాచ్‌పాయింట్ చూసేది ప్రాసెసర్ తాకే చిరునామాలనే. మెమరీలో రాసేది ప్రాసెసర్ ఒక్కటే కాదు. సెన్సర్ నుంచో, రేడియో నుంచో వచ్చే సమాచారాన్ని ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీలో దించే డీఎంఏ అనే సర్క్యూట్ చాలా చిప్‌లలో ఉంటుంది. అది పొరబాటున బిగింపు ఎత్తు మీద రాస్తే కాపలా మోగదు. విలువ మారింది, ఎవరూ ముట్టుకోలేదు అనిపిస్తే డీఎంఏను అనుమానించాలి.

ఫంక్షన్‌లోని తాత్కాలిక విలువలతో ఇంకో ఇబ్బంది ఉంది. ఫంక్షన్ ముగిశాక అదే చోటును మరో ఫంక్షన్ వేరే పనికి వాడుకుంటుంది. అప్పుడు కాపలా మోగినా దానికి అర్థం ఉండదు. అందుకే ఆ ఫంక్షన్ ముగియగానే జీడీబీ దాని కాపలాను తానే తీసేస్తుంది.

కాపలా సర్క్యూట్‌లోనే తప్పుంటే? ఐబీఎం పవర్9 ప్రాసెసర్ విషయంలో అదే జరిగింది. పాత పవర్9 చిప్‌లలో వాచ్‌పాయింట్ రిజిస్టర్, క్యాష్‌లో ఉంచకూడని మెమరీని చూపిస్తే ప్రాసెసర్ నిలిచిపోయే ప్రమాదం ఉందని తేలింది. పరికరాలతో మాట్లాడే చిరునామాలు సాధారణంగా ఆ రకం మెమరీలో ఉంటాయి. ఏ చిరునామా ఆ రకందో ముందే తేల్చుకునే మార్గం లినక్స్‌కు లేదు. మామూలు వాడకందారు పెట్టిన ఒక్క వాచ్‌పాయింట్‌తో మొత్తం యంత్రం ఆగిపోకూడదు. అందుకే 2018లో ఆ చిప్‌లపై లినక్స్ ఈ సదుపాయాన్నే ఆపేసింది. అక్కడ జీడీబీ నెమ్మది పద్ధతికి మళ్లాల్సి వచ్చింది. తర్వాతి పవర్10లో ఇలాంటి రిజిస్టర్లు రెండు పెట్టారు.

అడవిలో ఉన్న పరికరానికి

ప్రయోగశాలలో పరికరానికి డీబగ్గర్ తగిలించడం సులువే. రోడ్డు తెగి, సిగ్నల్ లేక, వానలో మునిగిన ఊరి దగ్గర వంతెన కింద బిగించిన పరికరానికి ఎవరు తగిలిస్తారు? పైగా తప్పు బయటపడేది ఆ రోజుల్లోనే.

కార్టెక్స్ ఎం3, దాని తర్వాతి పెద్ద రకాల్లో దీనికి దారి ఉంది. డీబగ్గర్ లేకపోయినా ప్రోగ్రామే తన వాచ్‌పాయింట్ రిజిస్టర్‌లో చిరునామా రాసుకోవచ్చు. కాపలా మోగితే ప్రాసెసర్ ఆగిపోదు. డీబగ్ మానిటర్ అనే ప్రత్యేక ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ ఫంక్షన్, తప్పు రాత జరిగిన సమయంలో నడుస్తున్న ఆదేశపు చిరునామాను శాశ్వత మెమరీలో రాసుకుని, చెడిన విలువను మళ్లీ సరిచేసి, పనిని కొనసాగించగలదు. పరికరం తర్వాతి సందేశంలో ఆ చిరునామాను కూడా పంపితే, నిపుణుడు వంతెన దగ్గరికి రాకుండానే తప్పు ఏ వాక్యంలో ఉందో చూస్తాడు. కార్టెక్స్ ఎం0లో ఈ మానిటర్ సదుపాయం లేదు. ధర తక్కువని చిన్న చిప్‌ను ఎంచుకునేటప్పుడు ఈ తేడా కూడా లెక్కలోకి రావాలి.

మారకూడని విలువ ఒకటో రెండో ఉన్నప్పుడు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. బిగింపు ఎత్తు, సెన్సర్ క్రమాంకన సంఖ్యలు, హెచ్చరిక మట్టాలు అలాంటివే. అవి మొదలైన తర్వాత మారనే కూడదు. మారితే అది తప్పే. మొత్తం మెమరీ భాగాలకు రక్షణ కావాలంటే కొన్ని చిప్‌లలో మెమరీ రక్షణ యూనిట్ అనే వేరే సర్క్యూట్ ఉంటుంది. అది పెద్ద భాగాలను కాస్తుంది, కానీ నాలుగు బైట్ల విలువ ఒక్కదానికి విడిగా కాపలా పెట్టలేదు.

స్వదేశీ చిప్‌ల ముందున్న ప్రశ్న

ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్లను, సీడాక్ వేగ ప్రాసెసర్లను రిస్క్ ఫైవ్ అనే బహిరంగ ప్రమాణం మీద రూపొందించాయి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం డిజిటల్ ఇండియా రిస్క్ ఫైవ్ కార్యక్రమాన్ని ప్రకటించింది. ఆ ప్రమాణంలో వాచ్‌పాయింట్లను, హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్లను కలిపి ట్రిగర్లు అంటారు. ఒకే ట్రిగర్‌ను ఆదేశానికైనా, విలువకైనా కాపలా పెట్టే వీలుంది. కానీ ఎన్ని ట్రిగర్లు ఉండాలో ప్రమాణం నిర్ణయించదు. ఆ నిర్ణయం చిప్ రూపకర్తదే. అసలు లేకుండా కూడా చేయొచ్చు. అందుకే డీబగ్గర్ ముందుగా ఒక్కో ట్రిగర్‌ను ఎంచుకుని, రాసి, తిరిగి చదివి, చిప్‌లో ఎన్ని ఉన్నాయో కనిపెట్టాల్సి ఉంటుంది.

ప్రతి పోలిక సర్క్యూట్‌కూ చిప్‌పై కొంత చోటు, కొంత విద్యుత్తు కావాలి. సౌర ఫలకం మీద నడిచే పరికరానికి ఉద్దేశించిన చిప్‌లో అవి రెండూ లెక్కే. డీబగ్ సర్క్యూట్‌ను వాడేది తయారీ సమయంలో కొన్నాళ్లే కదా అనిపించి తగ్గించాలనిపించడం సహజం. అయితే మన వాన, మన వేడి, మన నదుల దగ్గర ఏళ్ల తరబడి పనిచేయాల్సిన పరికరాలలో తప్పులు తయారీ సమయంలోనే అన్నీ బయటపడవు. పది మీటర్ల మట్టం దాటిన రోజున మాత్రమే వచ్చే తప్పును అప్పుడే, అక్కడే పట్టడానికి చిప్‌లో కనీసం ఒకటి రెండు కళ్లు ఉండాలి. వాటిని వాడుకునే ప్రోగ్రామ్‌ను పరికరం బయలుదేరకముందే రాసిపెట్టుకోవాలి.